మల్లేపల్లి ఉస్తాద్ దగ్గర మా పాత కారుకు మళ్ళీ చూపు వచ్చింది

ఈ దుకాణానికి పేరు లేదు. మల్లేపల్లి నుంచి ఆసిఫ్‌నగర్ వైపు వెళ్ళే దారిలో ఎడమచేతి గల్లీలోకి తిరిగితే, నీలిరంగు షట్టరు పైన రేకు మీద 'ఆటో ఎలక్ట్రికల్ పనులు, సెల్ఫు, డైనమో, వైరింగు' అని తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి ఉంటుంది. లోపల పనిచేసే పెద్దమనిషిని వీధివీధంతా ఉస్తాద్ అంటారు, నేనూ అలాగే పిలుస్తాను. వయసు అరవై దాటి ఉంటుంది. పక్కన పద్దెనిమిదేళ్ళ కుర్రాడొకడు పని నేర్చుకుంటున్నాడు. పాత కారు ఉన్నవాళ్ళు, ముఖ్యంగా రాత్రిపూట ఊరి బయటి దారుల్లో తిరగాల్సినవాళ్ళు, ఈయన దగ్గరికి ఒకసారి వెళ్ళాలని నా గట్టి అభిప్రాయం. ఎందుకో వివరంగా రాస్తాను. లోపాలున్నాయి, అవీ రాస్తాను.

నేను మెహదీపట్నం దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. కారు మా నాన్నగారిది, 2007లో కొన్న చిన్న పెట్రోలు బండి. ఆయన పోయాక నా చేతికి వచ్చింది. 15 ఏళ్ళు నిండాక 2022లో ఆర్టీఏ కార్యాలయంలో చూపించి, హరిత పన్ను కట్టి, రిజిస్ట్రేషను మరో 5 ఏళ్ళకు పొడిగించుకున్నాను. ఇంజను ఇప్పటికీ చక్కగా ఉంది. అమ్మేయమని సలహా ఇచ్చేవాళ్ళకు నేను జవాబు చెప్పను.

పోయిన కార్తీకంలో అమ్మను తీసుకుని అనంతగిరి వెళ్ళాను. అనంతపద్మనాభస్వామి గుడిలో దీపాలు పెట్టుకుని కొండ దిగేసరికి ఏడు దాటింది. బహుళ ఏకాదశి, తెల్లవారుజాము దాకా చంద్రుడు రాడు. వికారాబాదు దాటి మన్నెగూడ దగ్గర బీజాపూర్ రహదారి ఎక్కాం. అప్పా కూడలి నుంచి మన్నెగూడ దాకా ఆ దారి 46 కిలోమీటర్లు, రెండు పక్కలా వందల మర్రిచెట్లు. వాటిని నరకవద్దని జనం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు. పగలు ఆ నీడలో ప్రయాణం ఎంత హాయిగా ఉంటుందో, రాత్రి ఆ కొమ్మల కింద చీకటి అంత చిక్కగా ఉంటుంది. చేవెళ్ల ఇంకా కొన్ని కిలోమీటర్లు ఉందనగా రెండు హెడ్‌లైట్లూ ఒక్కసారిగా ఆరిపోయాయి.

వేగం 60లో ఉంది. అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. కళ్ళు మూసుకుని సెకనుకు 17 మీటర్లు పరుగెత్తడం ఎలా ఉంటుందో ఆ రాత్రి తెలిసింది. డాష్‌బోర్డు మీద అంకెలు మాత్రం వెలుగుతున్నాయి. బ్రేకు గట్టిగా తొక్కుదామని కాలు వెళ్ళింది కానీ, అద్దంలో వెనక లారీ కనిపిస్తోంది. యాక్సిలరేటరు మీది నుంచి కాలు తీసి, నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వెలిగే బటను నొక్కాను. లారీ వెనక్కి తగ్గింది, ఆ డ్రైవరు ఎవరో గాని చల్లగా ఉండాలి. ఇండికేటర్లు వెలిగినప్పుడల్లా పసుపుపచ్చని మసకలో ఒక మర్రి మొదలు కనిపించడం, మళ్ళీ మాయం కావడం. అప్పర్ (దూరం దాకా పడే వెలుగు) వేసి చూశాను, లేదు. డిప్పర్‌కు (కిందికి, దగ్గరగా పడే వెలుగు) మార్చాను, లేదు. చివరికి, ఎదుటి బండికి సైగ చేయడానికి మీటను మనవైపు లాగుతామే, అలా లాగాను. వెలుగు వచ్చింది! వదిలితే పోయింది. మళ్ళీ లాగి, ఈసారి వదలకుండా పట్టుకున్నాను.

"దీపాలు పెట్టి వస్తుంటే దీపం ఆరిపోయిందేమిటే" అంది అమ్మ. వెంటనే "నువ్వు దారి చూసుకో, నేనేమీ మాట్లాడను" అని, ఆ తరువాత నిజంగానే ఒక్క మాట కూడా మాట్లాడలేదు. రెండో గేరులో, కుడిచేతి రెండు వేళ్ళతో మీటను బిగించి పట్టుకుని, మిగతా వేళ్ళతో స్టీరింగు తిప్పుకుంటూ, కిలోమీటరున్నర వెళ్ళేసరికి పెట్రోలు బంకు కనిపించింది. బంకులో పిల్లలు అమ్మకు కుర్చీ వేసి, టీ తెప్పించారు. తమ్ముడు అత్తాపూర్ నుంచి వచ్చి మమ్మల్ని తీసుకెళ్ళేసరికి పది అయింది. కారును ఆ రాత్రికి అక్కడే వదిలేశాను. ఇలాంటి సమయంలో ముందు వెళ్ళే బండిని పట్టుకుని మెల్లగా ఇంటికి చేరిపోదామన్న ఆలోచన వస్తుంది, నాకూ వచ్చింది. వద్దు. ఆ బండి పక్కకు తిరిగిపోయిందంటే మళ్ళీ మనకు దిక్కు ఉండదు.

నిజానికి కారు మూడు వారాల ముందు నుంచీ చెబుతూనే ఉంది. గతుకు మీద బండి ఎగిరినప్పుడల్లా దీపాలు రెప్ప వేసినట్టు ఒకసారి మినుకుమనేవి. అరగంట నడిపాక స్టీరింగు దగ్గర కాలిన ప్లాస్టిక్ వాసన లీలగా వచ్చేది. మీట మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉండేది. ఆ వెచ్చదనాన్ని నేను పట్టించుకోలేదు. పదో తరగతి పిల్లలకు విద్యుత్తు ఉష్ణ ఫలితాల గురించి ఏళ్ళ తరబడి చెబుతున్న మనిషిని, నాకది ఇప్పటికీ బాధగానే ఉంది. మీ కారులో ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా, రాత్రి ప్రయాణం మానుకుని ముందు చూపించుకోండి.

మరునాడు పగటివేళ కారు తెచ్చి, మామూలుగా సర్వీసు చేయించే చోట చూపించాను. పది నిమిషాలు చూసి, "పాత బండి కదా మేడమ్, వైరింగు మొత్తం మార్చాలి, 18 వేలు అవుతుంది. ఎల్ఈడీ బల్బులు వేసుకుంటే ఇంకో నాలుగు వేలు" అన్నారు. పాడైంది ఏది అని అడిగాను. వైరింగు అన్నారు. వైరింగులో ఎక్కడ అని అడిగాను. పాతబడిపోయింది అన్నారు. జబ్బేమిటో చెప్పకుండా శస్త్రచికిత్సకు రమ్మన్నట్టుగా ఉంది. డబ్బుకన్నా ఆ జవాబు నాకు ఎక్కువ కష్టం కలిగించింది. మా బడి బస్సు నడిపే డ్రైవరుకు ఈ సంగతి చెబితే, "ఉస్తాద్ దగ్గరికి వెళ్ళండి టీచర్, ఆయన అడిగే ప్రశ్నలకు జవాబులు మాత్రం సరిగ్గా చెప్పండి" అన్నాడు.

శనివారం ఉదయం పదిన్నరకు వెళ్ళాను. దుకాణం మహా అయితే పది అడుగుల వెడల్పు. గోడకు వేలాడే రంగురంగుల తీగ చుట్టలు, మూలన ఛార్జింగుకు పెట్టిన బ్యాటరీలు, విప్పి పెట్టిన డైనమోలు. ఉస్తాద్ బానెట్ ఎత్తలేదు. చేతులు తుడుచుకుంటూ నా ముందు నిలబడి అడగడం మొదలుపెట్టారు.

"రెండూ ఒకేసారి పోయాయా అమ్మా, ఒకటి ముందు, ఒకటి తరువాతా?"

"ఒకేసారి."

"మీటరు లైటు ఉందా?"

"ఉంది. వెనక చిన్న దీపాలు కూడా వెలుగుతున్నాయని బంకులో చూశాను."

"అప్పర్ వేశారా?"

"వేశాను, వెలగలేదు. కానీ మీట లాగితే వెలిగింది. లాగి పట్టుకునే బంకు దాకా వచ్చాను."

ఆయన ఒక్క క్షణం నావైపు చూసి, "మంచి పని చేశారు" అన్నారు. తరువాత, ఖాళీ బల్బు డబ్బా చింపి, దాని లోపలి అట్ట మీద పెన్సిలుతో బొమ్మ గీశారు. రెండు దీపాలూ ఒకేసారి పోయాయంటే తప్పు బల్బుల్లో లేదు, రెండు బల్బులు ఒకే క్షణంలో కాలిపోవడం చాలా అరుదు. మా కారులో కుడి దీపానికీ ఎడమ దీపానికీ ఫ్యూజులు వేర్వేరు, కాబట్టి అవీ కావు. లాగితే వెలిగిందంటే అప్పర్ వైపు తీగలు, హోల్డర్లు, ఎర్త్ (కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్ళే దారి) పనిచేస్తున్నాయన్నమాట. చిన్న దీపాలు ఉన్నాయంటే బ్యాటరీ నుంచి కరెంటు స్విచ్చు దాకా వస్తోంది. ఇక మిగిలింది స్టీరింగు కింద, మీట కదిపితే పనిచేసే కాంబినేషన్ స్విచ్చు ఒక్కటే, అందులోనూ హెడ్‌లైటు వెలిగించే ఒక్క కాంటాక్టు, అంటే రెండు లోహపు ముక్కలు తాకి కరెంటు పారే చోటు. స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకోకముందే తప్పు ఎక్కడుందో ఆ అట్టముక్క మీద సున్నా చుట్టి చూపించారు. పిల్లలకు నేను నేర్పాలని తంటాలు పడే పద్ధతి ఇదే. ఆ అట్ట అడిగి తెచ్చుకున్నాను, నా బల్ల సొరుగులో ఉంది.

తరువాత బల్బులు బయటికి తీశారు. తీసినదాన్ని తిప్పి, అడుగున ఇత్తడి రంగు కట్టు మీద చెక్కిన అంకెలు చదవమని నాకిచ్చారు. 100/90 అని ఉంది. మా కారుకు తయారీదారు నిర్ణయించినది 60/55, అంటే అప్పర్ 60 వాట్లు, డిప్పర్ 55 వాట్లు. రెండేళ్ళ క్రితం వెలుగు చాలడం లేదంటే సర్వీసు చేసేచోట 'మంచి బల్బులు' అని వేసి ఇచ్చారు. నేనూ సంతోషించాను. అసలు కథ అక్కడ మొదలైంది.

లెక్క చూడండి. డిప్పర్‌లో రెండు 55 వాట్ల బల్బులకు 110 వాట్లు, 12 వోల్టులతో భాగిస్తే 9 ఆంపియర్ల పైచిలుకు. రెండు 90 వాట్ల బల్బులకు 180 వాట్లు, 15 ఆంపియర్లు. కరెంటు ఒకటిన్నర రెట్ల పైన పెరిగింది. కానీ తీగలోనూ కాంటాక్టులోనూ పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి ఆ స్విచ్చులో వేడి దాదాపు రెండున్నర రెట్లు దాటింది. ఇలాంటి పాత చిన్న కార్లు చాలావాటిలో హెడ్‌లైట్లకు రిలే, అంటే స్విచ్చు సైగ అందుకుని పెద్ద కరెంటును తానే మోసే పరికరం, ఉండదు. దీపాలకు పోవాల్సిన కరెంటు మొత్తం బ్యాటరీ దగ్గర బయలుదేరి, స్టీరింగు దాకా వచ్చి, ఆ చిన్న స్విచ్చులోంచి దూరి, మళ్ళీ ముందుకు వెళ్ళాలి. మన వేలి కింద తిరిగే ఆ ప్లాస్టిక్ మీట రోజూ 15 ఆంపియర్లు మోసింది.

స్విచ్చు విప్పి చూపించారు. చిటికెన వేలి గోరంత రాగి పలక, దాని మీద తాకే మొన. తాకాల్సిన చోట ఆవగింజంత గుంట పడి, చుట్టూ నల్లని మసి పేరుకుంది. దాన్ని పట్టుకుని ఉండాల్సిన తెల్లని ప్లాస్టిక్ గోధుమరంగు తిరిగి, పాకం పట్టిన బెల్లంలా ఒక పక్కకు జారిపోయి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మూడు వారాలుగా నేను పీల్చిన వాసన.

ఉస్తాద్ ఆ కాంటాక్టును గరుకు కాగితంతో రెండు నిమిషాలు రుద్ది, ప్లాస్టిక్‌ను సర్ది, తాత్కాలికంగా బిగించారు. దీపాలు వెలిగాయి. చాలామంది ఇక్కడితో ఆపేసి ఐదు వందలు తీసుకుని పంపించేస్తారు, నేనూ సంతోషంగా వెళ్ళిపోయేదాన్ని. ఆయన ఆపలేదు. ఇంజను నడుస్తుండగా మీటరు తెచ్చి బ్యాటరీ దగ్గర పెట్టారు: 14.1 వోల్టులు. బల్బు హోల్డరు దగ్గర పెట్టారు: 10.9. దారిలో మూడు వోల్టుల పైన పోతోంది. హాలోజన్ బల్బుకు వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం పోతుంది. మా దీపాలకు ఎప్పటి నుంచో వెలుగు చాలకపోవడానికి కారణం బల్బు కానే కాదు, దారిలో పోతున్న ఈ వోల్టులు. దానికి మందుగా పెద్ద బల్బు వేశారు. పెద్ద బల్బు ఇంకా ఎక్కువ కరెంటు లాగింది, స్విచ్చు ఇంకా కాలింది, వోల్టేజీ ఇంకా పడిపోయింది. 14.1 ఆ మీటరు మీద 10.9గా మారడం చూసినప్పుడు రెండేళ్ళుగా జరిగిందంతా ఒక్కసారిగా అర్థమైంది.

ఇక చేసిన పని. స్విచ్చు కొత్తది వేయాలి. దాన్ని ఆయనే తెప్పించి లాభం వేసుకోవచ్చు. అలా కాకుండా, "రాణీగంజ్ వెళ్ళి మీరే తెచ్చుకోండమ్మా, పాతది చూపించి అదే కంపెనీది అడగండి, బిల్లు తీసుకోండి, సరిపోకపోతే వెనక్కి ఇవ్వాలి" అని పంపించారు. సికింద్రాబాదు దాకా ఆటోలో వెళ్ళి వచ్చేసరికి రెండు గంటలు పట్టింది. విడిభాగాల దుకాణాలు వరసగా ఉన్న వీధి కాబట్టి మూడో దుకాణంలోనే దొరికింది. తిరిగి వచ్చేసరికి ఉస్తాద్ రిలేలు బిగిస్తున్నారు.

రిలే అంటే కరెంటుకు కాపలాదారు. బ్యాటరీ నుంచి లావుపాటి తీగ నేరుగా రిలేకు, అక్కడి నుంచి దీపానికి. స్టీరింగు దగ్గరి స్విచ్చు ఇప్పుడు రిలేలోని చిన్న తీగచుట్టకు మాత్రమే సైగ చేస్తుంది, దానికి అర ఆంపియరు కూడా అక్కరలేదు. అప్పర్‌కు ఒకటి, డిప్పర్‌కు ఒకటి వేశారు. రెండు చిన్న సంగతులు నా మనసుకు పట్టాయి. ఒకటి, బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు పెట్టారు. దూరంగా పెడితే, మధ్యలో తీగ ఎక్కడైనా ఒరిసి ఇనుముకు తగిలితే కాపాడేది ఉండదు. రెండోది, రిలేలను పిన్నులు కిందికి ఉండేలా బిగించారు. వానాకాలం నీరు లోపల నిలవకుండా జారిపోవడానికట. కుర్రాడు ఒకదాన్ని పక్కకు పెడితే, ఏమీ అనకుండా విప్పించి మళ్ళీ పెట్టించారు.

ఎడమ దీపం ఎర్త్ బోల్టు చుట్టూ పచ్చని పొడి పేరుకుని ఉంది. దాన్ని విప్పి, కింద రంగు గీకి, ఇనుము తళతళలాడేదాకా ఆకురాయితో రుద్ది, పళ్ళ వాషరు వేసి బిగించి, పైన వాసెలిన్ రాశారు. ప్లాస్టిక్ హోల్డర్లు అంచులు కరిగి ఉంటే పింగాణీవి వేశారు. బల్బులు మళ్ళీ 60/55వే. వాటిని బిగించేటప్పుడు కాగితంతో పట్టుకున్నారు, గాజుకు వేలు తగలనివ్వలేదు. వేలి జిడ్డు అంటిన చోట గాజు ఎక్కువ వేడెక్కి బల్బు త్వరగా పోతుంది.

ఎల్ఈడీ సంగతి నేనే అడిగాను. వేయనన్నారు. మా దీపం లోపలి అద్దపు గిన్నెను హాలోజన్ తీగ ఎక్కడ వెలుగుతుందో ఆ బిందువును బట్టి మలిచారు. అందులో ఇంకో రకం వెలుగు పెడితే కాంతి చెదిరి ఎదురుగా వచ్చేవాళ్ళ కళ్ళలో కొడుతుంది. "మీకు తెల్లగా కనిపిస్తుంది, ఎదుటివాడికి ఏమీ కనిపించదు" అన్నారు. మన రోడ్ల మీద రాత్రి తిరిగే ప్రతి ఒక్కరికీ ఆ బాధ తెలుసు. ఎక్కువ డబ్బు వచ్చే పని వద్దనడం చూసి ఆయన మీద నా గౌరవం పెరిగింది.

అంతా అయ్యాక మీటరు మళ్ళీ పెట్టారు. బల్బు దగ్గర 13.7. చిన్న బల్బులతో, పాత పెద్ద బల్బులకన్నా తెల్లని, నిండైన వెలుగు. డబ్బు ఇచ్చి బయలుదేరబోతే ఆగమన్నారు. చీకటి పడాలి, ఫోకస్ చూడాలి. గల్లీ చివర మదరసా గోడకు 5 మీటర్ల దూరంలో కారు నిలబెట్టి, దీపం ఎత్తును గోడ మీద సుద్దతో గీసి, దానికి 5 సెంటీమీటర్లు కింద ఇంకో గీత గీశారు. డిప్పర్ వెలుగు పై అంచు ఆ రెండో గీత మీద నిలవాలి. 10 మీటర్లయితే 10 సెంటీమీటర్లు. సరూప త్రిభుజాలు ఎందుకు టీచర్ అని అడిగే పిల్లలను ఆ సాయంత్రం అక్కడ నిలబెట్టాలనిపించింది. మాది కుడివైపు దీపం ఏకంగా జానెడు పైకి చూస్తోంది. వెనక ఉన్న మర తిప్పుతూ, గోడ దగ్గర కుర్రాడు "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటుంటే, పావుగంట సర్దారు.

ఖర్చు: రిలేలు రెండు 360, పింగాణీ హోల్డర్లు రెండు 300, తీగ, ఫ్యూజు, పైగొట్టం కలిపి 420, బల్బులు జత 440, కూలి 900. నేను రాణీగంజ్‌లో కొన్న స్విచ్చు 1,650. మొత్తం 4,070 రూపాయలు. 18 వేల మాట విన్న చెవులకు ఇది ఎలా వినిపించిందో వేరే చెప్పాలా?

ఇక లోపాలు. రెండు గంటల పని అన్నారు, సాయంత్రం ఆరుంపావు అయింది. నా రాణీగంజ్ ప్రయాణం తీసేసినా అది చాలా ఎక్కువ. మధ్యలో వచ్చిన ప్రతి ఆటోకూ లేచి వెళ్ళి పని చూసి వస్తారు. కూర్చోవడానికి ఒక్క ప్లాస్టిక్ ముక్కాలిపీట, ఆడవాళ్ళు అంతసేపు ఉండడానికి ఏ వసతీ లేదు. కారు గల్లీలోనే నిలపాలి, ఎదురుగా సరుకు బండి వస్తే తీసి మళ్ళీ పెట్టాలి. బిల్లు ఇవ్వరు. నేను పట్టుబట్టాక అంకెలన్నీ కాగితం మీద రాసి సంతకం చేశారు. ఇంత మంచి పనికి రసీదు ఉండాలి, ఆ మాట ఆయనతోనే అన్నాను. ఫోను ఎత్తరు. శుక్రవారం మధ్యాహ్నం నుంచి దుకాణం మూసి ఉంటుంది. దీపాల పైకప్పు ప్లాస్టిక్ పసుపెక్కి ఉంటే, రుద్ది తేటపరచడం తన పని కాదన్నారు. దానికి నేను వేరేచోట 600 ఇచ్చి చేయించుకున్నాను. ఈ తేటపరచడం కూడా అయ్యాకే అసలు తేడా తెలిసింది, కాబట్టి ఇక్కడికి వెళ్ళేవాళ్ళు ఆ పని విడిగా లెక్కలో వేసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. పది రోజుల తరువాత అత్తాపూర్‌లో, మా వీధి మలుపు దగ్గర, డిప్పర్ ఒకసారి మినుకుమంది. గుండె ఝల్లుమంది. మర్నాడు బడి అవగానే వెళ్ళాను. రిలే కింద ఒక పిన్ను సరిగ్గా కూర్చోలేదు. అది ఆయన పనిలో తప్పే. ఆయన దాన్ని దాచలేదు, నా మీదికో రోడ్డు మీదికో నెట్టలేదు. "నా పొరపాటు అమ్మా" అని, ఆ పిన్ను నొక్కి బిగించి, మిగిలినవన్నీ ఒక్కొక్కటే లాగి చూసి, డబ్బు తీసుకోలేదు. పని చేసినవాడి దగ్గర తప్పు జరగదని నేను అనుకోను. మళ్ళీ వెళితే మొహం ఎలా పెడతాడన్నదే నేను చూస్తాను.

ఈ రెండోసారి వెళ్ళేలోగా బడిలో ఒక సంగతి జరిగింది. కాలిన పాత స్విచ్చును పదో తరగతికి తీసుకెళ్ళాను. బల్ల నుంచి బల్లకు చేతులు మారింది, అందరూ వాసన చూశారు. బోర్డు మీద లెక్క వేశాను: దారిలో మూడు వోల్టులు, సుమారు 15 ఆంపియర్లు, అంటే 45 వాట్ల వేడి. అందులో సగం ఆ ఒక్క కాంటాక్టులోనే పుట్టిందనుకున్నా, మామూలు 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌ను స్టీరింగు కింద పెట్టుకుని నడిపినట్టే. మూడో వరసలో కూర్చునే అమ్మాయి లేచి అడిగింది, "మరి ఫ్యూజు ఎందుకు పోలేదు టీచర్?"

చాలా మంచి ప్రశ్న. నేను వివరించాను గాని, ఓమ్ సూత్రంతో చెప్పిన ఆ వివరణ పిల్లల ముఖాల్లోకి వెళ్ళినట్టు అనిపించలేదు. ఉస్తాద్ పిన్ను బిగిస్తుండగా ఆయననే అడిగాను.

"ఫ్యూజు కరెంటు ఎక్కువైతేనే పోతుందమ్మా. ఒక్కో ఫ్యూజు 15 ఆంపియర్లది, దాని గుండా పోయేది అందులో సగం. దానికి ఏ కష్టమూ లేదు. ఇక్కడ కరెంటు ఫ్యూజు హద్దు దాటలేదు, దారి ఇరుకైంది. దారి ఇరుకైతే తొక్కిసలాట అక్కడే జరుగుతుంది, ఫ్యూజుకు ఆ సంగతి తెలియదు."

తరువాత బల్ల కింద డబ్బాలో వెతికి, పాత రిలే ఒకటి తీసి, రంపంతో దాని పైడబ్బా ఒక పక్క కోసి, లోపలి తీగచుట్ట, దాని మీద కదిలే పలక కనిపించేలా చేసి, అంచులు గుచ్చుకోకుండా ఆకురాయితో రుద్ది ఇచ్చారు. "ప్రశ్న అడిగిన పిల్లకు ఇవ్వండి" అన్నారు. మర్నాడు ఆ అమ్మాయి దాన్ని 12 వోల్టుల బ్యాటరీకి తగిలించింది. తరగతి అంతా ఊపిరి బిగబట్టి చూస్తుండగా, లోపలి పలక కిందికి వాలి టిక్కుమంది.